ట్రెటినాయిన్ క్రీమ్ వాడినవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్, 5 వారాలకి మొటిమలు ఇంకా ఎక్కువయ్యాయి

అందరికీ నమస్తే అండి. నాకు 24 ఏళ్ళు, ఉండేది విజయవాడలో. ఇంటర్ నుంచి మొటిమలు ఉన్నాయి, శెనగపిండి, వేపాకు ముద్ద అన్నీ అయిపోయాక చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్తే ట్రెటినాయిన్ 0.025% రాశారు, రాత్రి పూట మొహం బాగా ఆరాక బఠానీ గింజంత మాత్రమే రాయమన్నారు, పగలు సన్‌స్క్రీన్ కచ్చితంగా వాడాలి, ప్రెగ్నెన్సీ ప్లాన్ ఉంటే ముందే చెప్పాలి అన్నారు.

మొదటి వారం బానే ఉంది. మూడో వారం నుంచి ముక్కు పక్కన, గడ్డం మీద పొట్టు రాలుతోంది, మామూలు నీళ్ళు తగిలినా మంట, పైగా ఎప్పుడూ రాని నుదురు మీద కూడా చిన్న చిన్నవి వచ్చేశాయి. డాక్టర్ గారు ముందే చెప్పారు మొదట్లో పెరుగుతాయి, తేడా కనపడాలంటే 8 నుంచి 12 వారాలు పడుతుంది అని, కానీ రోజూ అద్దంలో చూసుకుంటుంటే ఏడుపొస్తోంది, అమ్మేమో ఆపెయ్ అంటోంది.

మీకు ఇలా పెరగడం ఎన్ని వారాలు ఉంది? రోజు విడిచి రోజు రాస్తే, ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద ఇది రాస్తే మంట తగ్గిందా? మా ఊరి ఎండల్లో బండి మీద ఆఫీసుకెళ్ళేవాళ్ళు సన్‌స్క్రీన్ చెమటకి కారిపోకుండా ఏం చేస్తున్నారు? మచ్చలు కూడా తగ్గాయా? డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇంకా 3 వారాలుంది, అప్పటిదాకా ఆగాలా లేక ముందే ఫోన్ చెయ్యాలా, వాడినవాళ్ళే చెప్పండి.