సోమనాథ్ వెళ్తూ డయ్యూలో ఆగడం దండగా?

సీతమ్మధార కోడలు:
దసరా సెలవుల్లో అత్తయ్యగారిని, మావయ్యగారిని సోమనాథ్, ద్వారక తీసుకెళ్తున్నాం. గాంధీధామ్ రైల్లో అహ్మదాబాద్ దాకా, అక్కణ్ణించి వెరావల్. మధ్యలో డయ్యూ ద్వీపంలో రెండు రాత్రులు రిసార్టులో ఉందామని మా ఆయన పట్టుబడుతున్నారు. రోజూ ఆర్కే బీచ్‌లో నడిచేవాళ్లం, అంత దూరం పోయి మళ్లీ ఇసుకేనా అని నాకు! పైగా అక్కడ మందు గోల ఎక్కువట. పిల్లలకి పదేళ్లు, ఏడేళ్లు. వెళ్లినవాళ్లు చెప్పండి.

మల్కాపురం పెద్దాయన:
బీచ్ కోసమైతే వెళ్లొద్దమ్మా. నాగోవా బీచ్ బాగుంటుంది, కాదన్ను. కానీ మనకి రుషికొండ లేదేటి? అక్కడ చూడాల్సింది ఒడ్డునున్న హోకా చెట్లు. తాటిచెట్టుకి కొమ్మలొస్తే ఎలాగుంటాదో అలాగుంటాయి. పోర్చుగీసువాళ్లు ఆఫ్రికా నుంచి తెచ్చి నాటారంటారు.

అసలు కథ కోటది. హుమాయూన్ మీదకొస్తుంటే గుజరాత్ సుల్తాను బహదూర్ షా పోర్చుగీసువాళ్ల సాయం అడిగాడు. అందుకు బదులుగా 1535లో వాళ్లకి కోట కట్టుకోనిచ్చాడు. రెండేళ్లకి, 1537లో, వాళ్లతోనే గొడవై డయ్యూ దగ్గర సముద్రంలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. తర్వాత 1538లో తురుష్కుల నౌకాదళం, 1546లో గుజరాత్ సైన్యం ముట్టడించినా కోట లొంగలేదు. చివరికి 1961 డిసెంబరులో మన సైన్యం వెళ్లేదాకా వాళ్లదే. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసే ఉంటారు కదా, డయ్యూలో అయితే బురుజులు, ఫిరంగులు, కందకం అన్నీ నిలబడే ఉన్నాయి. పిల్లలు పరుగులు పెడతారు, గోడల అంచుల దగ్గర మాత్రం చెయ్యి వదలకండి.

నేను డాక్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాను, కాబట్టి ఖుక్రీ అనే యుద్ధనౌక గురించి చెప్పకుండా ఉండలేను. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన హార్బరు బయట మునిగిందని వైజాగులో చిన్నపిల్లాడికీ తెలుసు. ఆ తర్వాత అయిదు రోజులకే, డిసెంబరు 9 రాత్రి, డయ్యూకి ఎదురుగా సముద్రంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదలకుండా దాంతోపాటే వెళ్లిపోయారు. ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. చక్రతీర్థ్ దగ్గర గుట్ట మీద ఆ ఓడ నమూనాతో స్మారకం ఉంది.

అదే పేరుతో 1989లో ఇంకో ఖుక్రీ వచ్చింది, కార్వెట్, అంటే చిన్న యుద్ధనౌక. 2021 డిసెంబరు 23న దాని జెండా దించి సర్వీసు నుంచి తప్పించింది మన వైజాగు డాక్‌యార్డులోనే. రిఫిట్లప్పుడు, అంటే పెద్ద మరమ్మతులప్పుడు, దాని ఇరుకు కంపార్టుమెంట్లలో చెమటలు కక్కినవాణ్ణి నేను. ఆ ఓడనే మరుసటి నెల మ్యూజియం కోసం డయ్యూకి అప్పగించారు. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం చూసిన పిల్లలకి దీన్ని చూపించకుండా తీసుకొచ్చేస్తే ఎలాగమ్మా?

ఎంవీపీ కాలనీ టీచర్:
పెద్దాయన దేవుడి సంగతి మర్చిపోయారు. ఫుదమ్ దగ్గర గంగేశ్వర్ ఉంది. సముద్రపు అంచున గుహలో అయిదు శివలింగాలు, పాండవులు ప్రతిష్ఠించారని చెబుతారు. పోటు వేళ అలలే అభిషేకం చేస్తాయి. మెట్లు తడిగా ఉంటాయి, మీ అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులుంటే ఆటు సమయం కనుక్కుని వెళ్లండి. నాయిడా గుహలు పిల్లలకి నచ్చుతాయి.

మందు మాట నిజమే. గుజరాత్‌లో నిషేధం, డయ్యూ కేంద్రపాలితం కాబట్టి అక్కడ దొరుకుతుంది. శని, ఆదివారాల్లో జనం వచ్చిపడతారు. సోమవారం చేరి బుధవారం బయల్దేరండి. దీవి మొత్తం 40 చదరపు కిలోమీటర్ల లోపే, ఒక్క రాత్రి ఉన్నా చాలు.

సీతమ్మధార కోడలు:
థాంక్సండీ. ఓడ సంగతి వినగానే మా పెద్దాడు మంచం దిగి గెంతుతున్నాడు. ఒక్క రాత్రికి ఒప్పుకున్నాను. సోమనాథ్ నుంచి బస్సులుంటాయా, కారే మంచిదా?

మల్కాపురం పెద్దాయన:
పెద్దవాళ్లతో కారే మంచిదమ్మా. 80 కిలోమీటర్ల పైచిలుకు, ఊనా మీదుగా వెళ్లి వంతెన దాటితే దీవే. గంగేశ్వర్ పొద్దున్నే పెట్టుకోండి, కోటకి సాయంత్రం పోండి. ఎండలో ఆ రాయి కాలిపోద్ది.