ఇంటి లోపలి హాట్ టబ్‌కు క్లోరినా, బ్రోమినా? గదిలోని ఆవిరి, వాసన పోయేదెలా?

ప్రశ్న (తిరుపతి)

సభ్యులందరికీ నమస్కారం. అమ్మ మోకాళ్ల నొప్పుల కోసం తిరుచానూరు రోడ్డులోని మా ఇంట్లో, పదడుగుల చదరపు గదిలో, 1,200 లీటర్ల హాట్ టబ్ పెట్టించాము. ముగ్గురం వాడుతున్నాము. బోరు నీళ్లు నింపి, రోజూ డైక్లోర్ (క్లోరిన్ ఇచ్చే) పొడి వేస్తూ, రెండు నెలలకొకసారి నీళ్లు మారుస్తున్నాము. గదిలోకి వెళ్లగానే ఘాటైన వాసన, కళ్ల మంట. కార్తీకమాసపు వానలు మొదలైనప్పటి నుంచి జిప్సం సీలింగ్ మీద నల్లటి బూజు పడుతోంది. క్లోరిన్ ఎక్కువైందనుకుని మోతాదు తగ్గించాక అమ్మ వీపు మీద ఎర్రటి పొక్కులు లేచాయి. క్లోరిన్‌లాగే క్రిములను చంపే బ్రోమిన్‌కు మారాలా? ఓజోన్ యంత్రం సరిపోతుందా? ఫ్యాన్ ఎంతది కావాలి?

సమాధానం 1 (తిరుపతి, ఈతకొలనుల నిర్వహణ)

అమ్మా, ముందుగా ఒక మాట: ఆ వాసన క్లోరిన్ ఎక్కువైనందువల్ల వచ్చేది కాదు. చెమట, శరీరపు మలినాలతో కలిసిపోయిన క్లోరిన్, అంటే క్లోరమైన్లు, ఆవిరితో పాటు గాలిలోకి లేచి కళ్లను మండిస్తాయి. కాబట్టి మీరు మోతాదు తగ్గించినప్పుడు వాసన పోకపోగా, వేడి నీటిలో సులువుగా పెరిగే సూడోమోనాస్ అనే బాక్టీరియాకు చోటు దొరికి ఉండవచ్చు. పొక్కులను చర్మవైద్యునికి చూపించండి. అవి తగ్గేవరకు అమ్మగారిని టబ్‌లోకి దించవద్దు.

హాట్ టబ్‌లో స్వేచ్ఛా క్లోరిన్ (మలినాలతో కలవకుండా మిగిలినది) కనీసం 3 పీపీఎం (పది లక్షల భాగాల నీటికి 3 భాగాలు), బ్రోమిన్ అయితే 4 నుంచి 8 పీపీఎం, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) 7.2–7.8 మధ్య ఉండాలి. డైక్లోర్‌తో 10 పీపీఎం క్లోరిన్ చేరిన ప్రతిసారీ దాదాపు 9 పీపీఎం సయనూరిక్ ఆమ్లం కూడా నీటిలో మిగిలిపోతుంది. అది క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడేది, ఎండ తగలని గదిలో దాని అవసరమే లేదు. పైగా అది క్లోరిన్ పనిని మందగింపజేస్తుంది. బ్లీచింగ్ పౌడరు వద్దు, గట్టిదనమున్న బోరు నీటికి అది ఇంకా సున్నం చేర్చి హీటరు మీద పొర కట్టిస్తుంది. పది శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం (ద్రవ క్లోరిన్) అయితే 36 మిల్లీలీటర్లతో మీ టబ్‌కు 3 పీపీఎం వస్తుంది. అది పీహెచ్‌ను కొంత పెంచుతుంది గనుక వారానికి కొన్నిసార్లు పరీక్షించాలి. డైక్లోర్‌కు వాడిన చెంచాను దీనికి ముట్టించవద్దు. రసాయనాలు ఒకదానితో ఒకటి కలిస్తే మంటలు, విషవాయువు పుట్టే ప్రమాదముంది.

బ్రోమిన్ మంచిదే. మలినాలతో కలిసిన దాని రూపాలు, అంటే బ్రోమమైన్లు, కూడా క్రిములను చంపుతాయి, వాసన తక్కువ, కానీ ఖర్చెక్కువ. ఓజోన్ నీటిలో నిలిచి ఉండదు కనుక అది క్లోరిన్‌కు తోడు మాత్రమే. మూసిన గదిలోకి ఆ వాయువు చేరితే ఊపిరితిత్తులకు హాని.

సమాధానం 2 (చిత్తూరు, ఏసీ, వెంటిలేషన్ పనులు)

మీ గది ఎత్తు పదడుగులనుకుంటే వెయ్యి ఘనపుటడుగులు. నేనైతే నిమిషానికి కనీసం 130 ఘనపుటడుగుల గాలి లాగే ఫ్యాన్‌ను టబ్‌కు దగ్గరగా పైభాగంలో పెడతాను. దాని పైపు నేరుగా బయటికే పోవాలి. సీలింగ్ పైన ఖాళీలోకి వదిలితే బూజు అక్కడికి మారుతుంది, అంతే. తలుపు కింద సందు వదిలితే గాలి ఇంట్లోంచి ఆ గదిలోకే వస్తుంది, ఆవిరి పడకగదిలోకి పోదు. వానాకాలంలో బయటి గాలే తేమగా ఉంటుంది కాబట్టి కిటికీని నమ్ముకోవద్దు. తేమ 60 శాతం దాటకుండా గాలిలోని తేమను లాగే యంత్రం (డీహ్యూమిడిఫయర్) కావాలి. వాడనప్పుడు టబ్ మూత వేయడమే అన్నిటికంటే చవకైన ఉపాయం. ఆ జిప్సం తీసేసి తేమను తట్టుకునే బోర్డు వేయించండి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈరోజు పరీక్షించగా స్వేచ్ఛా క్లోరిన్ 0.5, కలిసిపోయిన క్లోరిన్ 1.5, సయనూరిక్ ఆమ్లం 150 పీపీఎం వచ్చాయి. ఈ నీటినే బాగుచేయవచ్చా?

సమాధానం 1

వద్దమ్మా, సయనూరిక్ ఆమ్లం ఇంతగా పేరుకున్న నీటిని పూర్తిగా పారబోయండి. టబ్ తోమి, ఫిల్టరు మార్చి, కొత్త నీళ్లు నింపి, పైన చెప్పిన హైపోక్లోరైట్ ద్రావణాన్ని 240 మిల్లీలీటర్లు వేస్తే 20 పీపీఎం అవుతుంది. మూత తీసి, ఫ్యాన్ నడుపుతూ, పైపుల్లోని పాచి పోయేలా పది గంటలు పంపు తిప్పండి; ఆ సమయంలో గదిలో ఎవరూ ఉండకూడదు. తరువాత ఆ నీటినీ వదిలేసి మళ్లీ నింపండి. ముగ్గురు రోజూ వాడే టబ్‌కు ఇకమీదట నెలకొకసారి నీరు మార్చాలి.