25 వేలల్ల ఎస్ప్రెస్సో: పైసలు మిషన్‌కు పెట్టాల్నా, గ్రైండర్‌కు పెట్టాల్నా?

నక్కలగుట్ట నవాబ్
అందరికి నమస్తే. హన్మకొండల ఉంటం, ఇంట్ల నలుగురం, అందుల ముగ్గురం కాఫీ మనుషులం. వారానికి మూడు నాలుగు సార్లు బయట కాపుచీనో తాగుడు అలవాటైంది, ఒక్కోటి 190, నెల తిరిగినంక లెక్క చూసి మా ఇంటామె "గా పైసలతోటి మిషనే కొనొచ్చు గద" అన్నది, ఆ ఒక్క మాట పట్టుకొని 25 వేల బడ్జెట్ పాస్ చేయించుకున్న. ఇప్పుడు ఆగమైతున్న. షోరూంల అడిగితే 20 బార్ (నీళ్ళను నెట్టే ప్రెజర్ లెక్క) తీస్కోండి సార్, 15 బార్ పాతదైపోయింది అంటుండు. ఆన్‌లైన్‌ల చూస్తే గ్రైండరే అసలు, మిషన్ ఏదైనా నడుస్తది అంటున్నరు. ఇంట్ల మంచి మిక్సీ ఉన్నది, గింజలు దాంట్ల పట్టుకుంటే కాదా? గ్రైండర్‌కు మల్ల పదివేలు ఎందుకు?

ఇసుర్రాయి
మిక్సీ సంగతి ముందుగాల తేల్చేద్దాం తమ్మీ. మిక్సీ బ్లేడు గింజను నరుకుతది, ఇసరదు. జార్ మూత తీసి ఏళ్ళ మధ్య రాసి చూడు, సగం పిండి, సగం రవ్వ. ఎస్ప్రెస్సోల, అంటే కాపుచీనోకు అడుగున పోసే చిక్కటి కాఫీల, నీళ్ళు 9 బార్ల ప్రెజర్‌తోటి వస్తయ్, రవ్వ ఉన్న సందులకెళ్ళి సర్రున జారిపోతయ్, పిండి గట్టిపడ్డ దిక్కు సరిగ పోనే పోవు, అందుకే ఒకటే కప్పుల పులుపు, చేదు రెండూ తగుల్తయ్. బర్ గ్రైండర్ అంటే ఇంకేం లేదు, మన అమ్మమ్మల ఇసుర్రాయే, రెండు బర్‌ల మధ్య సందు ఎంత పెడితే అంత సైజుల పడ్తది.

షోరూమాయన చెప్పే 15, 20 బార్లు పంపు గరిష్ఠంగ కొట్టగలిగే లెక్క, కప్పుకు కావాల్సింది 9 దగ్గర దగ్గర. బండి మీటర్ మీద 160 రాసి ఉంటది, హంటర్ రోడ్ మీద అంత స్పీడుతోటి పోతమా?

నా దగ్గర ఉన్నది కింగ్రైండర్ కే6, చేత్తో తిప్పేది. ఒక్క క్లిక్‌కు బర్‌ల సందు 16 మైక్రాన్లు జరుగుతది. మొన్న కొత్త ప్యాకెట్ ఇప్పి పాత సెట్టింగ్ మీదనే 18 గ్రాములు పట్టిన, 36 గ్రాముల కాఫీ 14 సెకండ్లకే దిగింది, లేత చాయ్ రంగుల, నాలుక మీద చింతకాయ లెక్క. నాలుగు క్లిక్కులు సన్నగ జేసిన, 22. ఇంకో రెండు, 28. అప్పుడు చూడాలె, తేనె కారినట్టు సన్న ధార, ఎలుకతోక లెక్క. గింజ మారినప్పుడల్ల, ప్యాకెట్ పాతబడ్డకొద్దీ గీ పని చెయ్యాలె. మిషన్ మీద ఏ బటన్ నొక్కితే గీ పని అయితదో ఎవరన్న చెప్పుండ్రి.

కాజీపేట లోకో
అన్న చెప్పేది బుక్కులల్ల కరెక్టే. ఇంట్లకు రాండ్రి జర. పొద్దుగాల ఏడున్నరకు స్కూల్ బస్సు, ఇద్దరు పిల్లల టిఫిన్ డబ్బాలు, ముగ్గురికి కాఫీ, అప్పుడు కప్పుకో నిమిషంన్నర చొప్పున ఇసుర్రాయి తిప్పుకుంట కూసుంటరా మీరు? పాలు ఎవరు స్టీమ్ జేస్తరు? మన దిక్కు తాగేదే పాల కాఫీ. 150 ఎంఎల్ పాలు పోసి చెంచెడు చక్కెర ఏసినంక 22 సెకండ్లకు 28 సెకండ్లకు తేడా చెప్పినోనికి నేను బిర్యానీ తినిపిస్త, రాసిస్త కావాల్నంటే.

నేను మూడేండ్ల సంది డెలోంగీ డెడికా మిషన్ వాడుతున్న. 15 సెంటీమీటర్ల వెడల్పు, గ్యాస్ పొయ్యి పక్కన సందుల పడుతది. ఆన్ జేసినంక నిమిషంల వేడెక్కుతది. డబల్ వాల్ బాస్కెట్ దాంతోటే వస్తది, పౌడర్ జేపిచ్చే తెప్పించుకుంట, ఏసుడు, నొక్కుడు, అంతే. నవాబ్ భయ్యా, పైసలన్నీ మిషన్ మీద పెట్టు, ఇంటామె కూడ ఏ లొల్లి లేకుండ వాడుకునేది కొను. లేకపోతె ఆ గ్రైండర్ షోకేసుల బొమ్మైతది.

ఇసుర్రాయి
డబల్ వాల్ అంటే ఏందో కూడ చెప్పు మరి తమ్మీ, సగమే చెప్తవెందుకు. బాస్కెట్ అడుగు రెండు పొరలు, బయటి పొరకు సూది మొనంత ఒక్కటే బొక్క. ప్రెజర్ ఆపేది ఆ బొక్క, నీ కాఫీ పొడి కాదు. ఆ బొక్కలకెళ్ళి చిమ్మినప్పుడు వచ్చే నురగను నువ్వు క్రీమా, అంటే అసలు ఎస్ప్రెస్సో మీద తేలే నురగ, అనుకుంటున్నవ్. ఆరు నెలల కిందటి పొడి ఏసినా గదే నురగ వస్తది.

కాజీపేట లోకో
వస్తది గద అన్నా, నాకు గదే కావాలె 😄

భద్రకాళి అక్క
ఏందయ్యా మీ గోల. 25 వేలు! మా ఇత్తడి ఫిల్టర్ పెండ్లికి ముందుది, రాత్రి డికాక్షన్ ఏసి పెడితే పొద్దుగాల పాలు కాగుడే ఆలస్యం. నవాబ్ తమ్మీ, నువ్వు బయటికి పోయేది కాపుచీనో కోసం కాదు, ఏసీల కూసోని ముచ్చట పెట్టుడు కోసం, అది ఏ మిషన్ల రాదు.

ఇంకో మాట, ఎవ్వరు చెప్పలే. దుకాణంల దొరికే ఫిల్టర్ కాఫీ పొడి తెచ్చి ఆ మిషన్లల్ల పొయ్యకుండ్రి. అందుల శానా వాటిల చికోరీ అని ఒక మొక్క వేరు పొడి ఉంటది, 49 శాతం దాక కలుపుకోనిస్తది మన దేశం రూలు. మా మరిది గట్లనే ఏసిండు, చికోరీ తడికి ఉబ్బి జిగురు లెక్కయ్యి చుక్క దిగలే, హ్యాండిల్ ఇప్పంగనే వంటింటి గోడంత కాఫీ. ఇప్పటికి సున్నం మీద మరక ఉన్నది.

కరెంటాయన
అక్క చెప్పిన గోడ మరక నేను కూడ చూసిన ఒక కస్టమర్ ఇంట్ల 😂 ఇంక నా మాట. ఎవ్వరు కరెంటు సంగతి మాట్లాడ్తలేరు. గీ మిషన్లన్ని 1300, 1400 వాట్లు గుంజుతయ్. ఇంట్ల 900 వీఏ ఇన్వర్టర్ ఉన్నదనుకో, పవర్ పోయినప్పుడు మిషన్ నొక్కితే ఇన్వర్టర్ కుయ్యో మొర్రో అని ట్రిప్ అయితది. రెండోది బోరు నీళ్ళు. మీ గీజర్ ఎలిమెంట్ ఇప్పి చూసిండ్రా ఎప్పుడన్న? సున్నం పెచ్చులు పెచ్చులు. మిషన్ లోపట పైపులు అంతకన్న సన్నగుంటయ్. బోరు నీళ్ళు అసలు పొయ్యొద్దు, మెత్తటి నీళ్ళు పోసినా రెండు మూడు నెలలకోసారి నిమ్మ ఉప్పు నీళ్ళు తిప్పి, మల్ల మంచినీళ్ళతోటి రెండు ట్యాంకులు కడగాలె.

మూడోది సర్వీసు. నా పాత మిషన్ పంపు పోయింది, ఏ కంపెనీ అన్నది ఒదిలేద్దాం, వరంగల్‌ల సెంటర్ లేదు అని హైదరాబాద్ పంపిస్తే ఐదు వారాలు, వచ్చేటాళ్ళకు డ్రిప్ ట్రే మాయం. అప్పటిసంది చేతి లివర్ మీదికి మారిన. ఫ్లేర్ అని ఒకటి ఉంటది, నీళ్ళు కెటిల్ల మరగబెట్టి పోసుడు, కట్టె లెక్క లివర్ గుంజుడు. కరెంటు బోర్డే లేదు, పాడయ్యేది రబ్బరు వాషరే. ఇటలీల గాజ్జియా ఆయన 1940లల్ల గీ లివర్ పద్ధతితోటే క్రీమా తీసిండు, పంపు మిషన్లు ఆ తర్వాత వచ్చినయ్. అంటే మనది ఎనకబడ్డ పద్ధతి కాదు, అసలు పద్ధతే.

కాకపోతె పాలకు స్టీమ్ రాదు, అది ఒప్పుకుంట. నేను పాలు కాపి ఫ్రెంచ్ ప్రెస్సుల పోసి కవ్వం కొట్టినట్టు కొడ్త, నడుస్తది. ఇంకోటి, లివర్‌కు డబల్ వాల్ తోటి మజా రాదు, గ్రైండర్ మంచిదుండాల్సిందే. అట్ల చూస్తే నేను ఇసుర్రాయి అన్న పార్టీనే.

నక్కలగుట్ట నవాబ్
ఇంత మంది చెప్పినంక ఇంక ఆగమైన, అందుకని ఆదివారం ఏం జేసినమంటే, ఇసుర్రాయి అన్న గ్రైండర్ పట్టుకొని నేను, మా ఇంటామె కలిసి సీదా కాజీపేట లోకో భయ్యా ఇంటికే పోయినం. ఆయన దగ్గర ఎప్పుడో కొని పక్కకు పడేసిన 51 ఎంఎం సింగిల్ వాల్ బాస్కెట్ ఒకటి దొరికింది. మొదట ఆయన పౌడర్ అందుల ఏసినం, 9 సెకండ్లు! కప్పుల నల్ల నీళ్ళు. అదే బాస్కెట్, అదే మిషన్, అన్న గ్రైండర్ల పట్టిన గింజలు, బంగారం తూచే చిన్న కాంట మీద 15 గ్రాములు, లోకో భయ్యా వాళ్ళ బాబు కార్కుకు గుండుసూదులు గుచ్చి పొడి గడ్డలు ఇడదీసిండు, 27 సెకండ్లల్ల 30 గ్రాములు. వట్టిగ తాగితే నాకు కూడ తెలిసింది, బెల్లం పాకం లెక్క చివర్ల ఒక తీపి. లోకో భయ్యా రెండు సార్లు తాగిండు, ఏం మాట్లాడలే.

మల్ల పాలతోటి చేసినం. కప్పుల అడుగున పెన్నుతోటి గుర్తు పెట్టి మా ఇంటామెకు ఇచ్చినం. ఒకటి డబల్ వాల్ పౌడర్‌ది, ఒకటి గ్రైండర్‌ది. ఆమె పౌడర్ దాన్నే పట్టుకుంది. ఎందుకంటే "గిదే వేడిగ ఉన్నది" అన్నది.

కాజీపేట లోకో
చెప్పిన గద 😎 బిర్యానీ తప్పింది నాకు. కాని అన్నా, వట్టి కాఫీ మాత్రం… ఆ గ్రైండర్ ఏడ తీస్కున్నవో జర లింకు పెట్టు. ఊకెనే అడుగుతున్న.

ఇసుర్రాయి
పెడ్త తమ్మీ. గింజలు కూడ ఒక మాట, వేయించిన తారీకు రాసినయే తీస్కో, వారం పది రోజులు ఆగి ఇప్పు, నెలల కతం జెయ్. చిక్కమగళూరు, అరకు దిక్కు రోస్టర్లు పోస్టుల పంపిస్తరు. ఎక్కువ పాలు పోస్తవు కాబట్టి కొంచెం రొబస్టా రకం గింజ కలిసింది తెప్పించు, పాలల్ల కూడ ఘాటు నిలబడ్తది, పైసలు కూడ తక్కువ. మన దేశంల పండేది 70 శాతం రొబస్టానే, దాన్ని తక్కువ జేసి చూసేదేం లేదు.

నక్కలగుట్ట నవాబ్
నిన్న రాత్రి చేతి గ్రైండర్ ఒక్కటే ఆర్డర్ పెట్టిన. మిషన్ ఇంక పెట్టలే. లెక్క ఏందంటే గ్రైండర్ ఒక్కటి వచ్చినా ఇంట్ల ఉన్న ఫిల్టర్‌కైనా పనికొస్తది, ఉట్టి మిషన్ వస్తే మల్ల పౌడర్ డబ్బాల మీద పడాలె. మిగిలిన 14 వేలతోటి సెకండ్ హ్యాండ్‌ల డెడికా లాంటిది చూస్తున్న, స్టీమ్ ఉన్నదే, ఇంటామెకు వేడిగ కావాలెనాయె. ఎవరి దగ్గరన్న ఉంటే చెప్పుండ్రి, కరెంటాయన వచ్చి లోపటి సున్నం చూసినంకనే పైసలు ఇస్త.

భద్రకాళి అక్క
గ్రైండర్ వచ్చినంక ఒకసారి మా ఇంటికి తే తమ్మీ, మా ఫిల్టర్‌కు పట్టి చూద్దాం.

ఇసుర్రాయి
ఫిల్టర్‌కు జర దొడ్డుగ పట్టాలె అక్కా. నవాబ్ తమ్మీ, క్లిక్కు నంబర్ కాయితం మీద రాసుకోని పో, అక్క తిప్పి ఇచ్చినంక మల్ల దొరకదు.