బాత్రూమ్ ఫ్యాన్‌కి డెరివేటివ్ సెన్సర్ అవసరమా, తేమ హద్దు చాలదా?

గాలివాటం:
హోమ్ అసిస్టెంట్ అనే ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌లో బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని ఆటోమేట్ చేస్తున్నాను. ప్రస్తుతం తేమ 70 శాతం దాటితే ఆన్, 65కి దిగితే ఆఫ్. ముసురు పట్టిన రోజు ఎవరూ స్నానం చేయకపోయినా ఫ్యాన్ ఆగడం లేదు. హద్దు కాదు, తేమ పెరిగే వేగం చూడాలని, అందుకు డెరివేటివ్ సెన్సర్ పెట్టుకోమని కొందరంటున్నారు. నిజంగా అదే మేలా?

సూటిదారి:
వద్దంటాను. హాల్లో ఇంకో తేమ సెన్సర్ పెట్టండి. బాత్రూమ్ రీడింగ్‌లోంచి హాల్ రీడింగ్ తీసేసే టెంప్లేట్ సెన్సర్ (మనం రాసిన సూత్రంతో విలువ లెక్కించేది) ఒకటి చాలు. తేడా 10 దాటితే ఆన్, 5కి వస్తే ఆఫ్. ముసురు రోజు రెండూ కలిసే పెరుగుతాయి, గొడవే లేదు. డెరివేటివ్ పెట్టిన చోట ఫ్యాన్ ఊరికే ఆన్ అయిపోతుంటుంది.

తేమలెక్క:
సూటిదారి గారూ, ఆ తప్పు పద్ధతిది కాదండీ. టైమ్ విండోని, అంటే ఎంతసేపటి రీడింగులతో వేగం లెక్కించాలో చెప్పే సెట్టింగ్‌ని, సున్నా దగ్గరే వదిలేస్తారు, డిఫాల్ట్ అదే కాబట్టి. అప్పుడు చివరి రెండు రీడింగుల తేడానే వేగంగా చూపిస్తుంది. డీహెచ్‌టీ22 అనే తేమ సెన్సర్‌నే ఉదాహరణగా తీసుకోండి. 2 సెకన్లకోసారి, 0.1 శాతం మెట్లలో రీడింగ్ ఇవ్వగలదు. ఒక్క మెట్టు ఊగినా నిమిషానికి 3 శాతం అని వస్తుంది. వేడినీళ్ల స్నానంలో 5 నిమిషాల్లో తేమ 55 నుంచి 75కి ఎక్కిందనుకుంటే అసలు వేగం నిమిషానికి 4. ఇక ఊగులాటేదో, స్నానమేదో ఎలా తెలుస్తుంది? విండో 3 నిమిషాలు పెట్టండి, ఆ ఊగులాట సగటులో కలిసిపోతుంది.

టైమ్ యూనిట్ కూడా చూసుకోండి. డిఫాల్ట్ గంట. మార్చకపోతే ఆ 4 కాస్తా 240గా కనిపిస్తుంది. నిమిషం లెక్కలో హద్దు 2 అని రాస్తే ఫ్యాన్ చీటికీమాటికీ తిరుగుతుంది.

అసలు వేగమే ఎందుకంటే, సాపేక్ష తేమ ఉష్ణోగ్రతని బట్టి కూడా మారుతుంది. గది చల్లబడుతుంటే గాలిలో నీరు ఒక్క చుక్క పెరగకపోయినా శాతం పెరుగుతుంది. బాత్రూమ్ హాల్ కంటే చల్లగా ఉందంటే మీ తేడా సెన్సర్ కూడా మోసపోతుంది. చల్లబడడానికి గంటలు పడుతుంది, స్నానానికి నిమిషాలు చాలు. వేగం చూస్తే రెండూ ఇట్టే విడిపోతాయి.

సన్నగీత:
అవునా కాదా అన్నదే కావాలంటే ట్రెండ్ సెన్సర్ చాలండీ. నేరుగా ఆన్, ఆఫ్ చెబుతుంది. అందులో గ్రేడియంట్ (పెరిగే వేగం హద్దు) సెకనుకి రాయాలి, నిమిషానికి 2 అంటే 0.033. మాక్స్ శాంపిల్స్ (లెక్కకి గరిష్ఠంగా ఎన్ని రీడింగులు తీసుకోవాలన్నది) డిఫాల్ట్ 2 మాత్రమే, దాన్ని తప్పక పెంచండి.

సూటిదారి:
ఆన్ సంగతి సరే, ఆఫ్ ఎలా చేస్తారు? స్నానం సాగుతుంటే తేమ 95 దగ్గర నిలబడిపోతుంది. వేగం సున్నా. అద్దం నిండా ఆవిరి ఉండగానే ఫ్యాన్ ఆగిపోవాలా? పైగా రీడింగ్ మారనంత సేపూ డెరివేటివ్ పాత విలువ దగ్గరే ఇరుక్కుపోతుంది.

తేమలెక్క:
ఇరుక్కోవడానికి కొత్త వెర్షన్లలో మాక్స్ సబ్ ఇంటర్వల్ ఉంది. రీడింగ్ మారకపోయినా ఆ గడువుకి మళ్లీ లెక్కిస్తుంది. ఆఫ్‌కి వేగం పనికిరాదు, అక్కడ మీతో ఏకీభవిస్తాను. ఆన్ అయినప్పటి తేమని ఇన్‌పుట్ నంబర్‌లో (హోమ్ అసిస్టెంట్‌లో ఒక అంకెని దాచుకునే చోటు) దాచి, దానికి దరిదాపుల్లోకి రాగానే ఆపాలి. ఎందుకైనా మంచిది, ఒక టైమర్ కూడా ఉండాలి.

సూటిదారి:
3 నిమిషాల విండోలో వేగం 2కి చేరేసరికే తేమ 6 శాతం పెరిగి ఉంటుంది కదా. మీరు దాచేది స్నానానికి ముందున్న తేమ కానే కాదు.

తేమలెక్క:
ఆ 6 ఎంతో సెన్సరే చెబుతోంది కదండీ. వేగాన్ని విండోతో గుణించి, అప్పటి రీడింగ్‌లోంచి తీసేసి దాచండి. స్నానానికి ముందున్న తేమకి బాగా దగ్గరగా వస్తుంది.

సూటిదారి:
ఆ లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. కానీ బ్యాటరీతో నడిచే సెన్సర్లు చాలావరకు కాస్త పెద్ద మార్పు వస్తేనే రీడింగ్ పంపుతాయి. వాటికి ఈ 3 నిమిషాల విండో నిలవదు. గాలివాటం గారూ, ముందు మీ సెన్సర్ ఎంతసేపటికోసారి రీడింగ్ పంపుతోందో హిస్టరీలో చూసి చెప్పండి.