దర్వాజా గ్యాస్ గొయ్యిని ఆర్పాలా, మండనివ్వాలా?

గోదారిగట్టు:
తుర్క్‌మెనిస్తాన్‌లో కారకుం ఎడారి మధ్య 70 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల లోతున్న గొయ్యి దశాబ్దాలుగా మండుతోంది. దాన్ని ఆర్పే దారి చూడమని 2022 జనవరిలో అప్పటి అధ్యక్షుడు గుర్బాంగులీ బెర్దిముహమెదోవ్ ఆదేశించారు. 2010లోనూ ఆయన ఇదే మాట చెప్పారు. నన్నడిగితే ఆర్పాల్సిందే. అమ్ముకుంటే డబ్బొచ్చే గ్యాస్ ఏళ్ల తరబడి తగలబడిపోతుంటే చూస్తూ కూర్చోవడమేంటి? మన పాశర్లపూడిలో 1995లో బ్లోఅవుట్ అయితే, అంటే బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మితే, 65 రోజులు మండింది. చివరికి ఆర్పారు కదా!

సంచారి:
ఆర్పేస్తే ఆ దేశానికి ఎవరొస్తారండీ? వీసా దొరకడమే గగనం. అయినా వెళ్లేవాళ్లు ముందు ఈ గొయ్యి చూడాలనే వెళ్తారు. గుడారాల్లో బస ఏర్పాటు చేసేవాళ్లు, డ్రైవర్లు దాని మీదే బతుకుతున్నారు. 2018లో ప్రభుత్వమే దానికి ‘కారకుం వెలుగు’ అని పేరు పెట్టింది.

రాతిపొర:
గోదారిగట్టు గారూ, పాశర్లపూడి లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడ గ్యాస్ తన్నుకొచ్చింది ఒక్క బావి నోట్లోంచి. ఆ నోరు మూస్తే పని అయిపోయింది. దర్వాజాలో మూయడానికి నోరంటూ లేదు. ఏటి ఇసుకలో చెలమ తీస్తే నీళ్లు ఊరినట్టు, గొయ్యి అడుగునా గోడల్లోనూ ఉన్న పగుళ్లన్నిటి నుంచీ గ్యాస్ ఊరుతోంది. మట్టి పోసి పూడిస్తే మంట ఆరుతుందేమో గానీ గ్యాస్ ఆగదు, పక్కన ఇంకో పగులు వెతుక్కుంటుంది.

అసలు భయం అక్కడే. ఈ గ్యాస్‌లో ఎక్కువగా ఉండేది మీథేన్. మండితే అది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా మారుతుంది. మండకుండా గాల్లో కలిస్తే, 20 ఏళ్ల లెక్కన అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి గ్యాస్‌ను ఆపకుండా మంట మాత్రం ఆర్పడం కన్నా మండనివ్వడమే నయం.

పాతకాగితం:
1971లో సోవియట్ వాళ్లు డ్రిల్లింగ్ చేస్తుంటే నేల కుంగిందని, కొద్ది వారాల్లో ఆరిపోతుందని నిప్పు పెట్టారని అందరూ రాస్తారు. దానికి గట్టి రికార్డేదీ బయటికి రాలేదు. గొయ్యి 1960ల్లోనే పడిందని, మంట 1980ల్లో అంటుకుందని చెప్పే స్థానిక భూగర్భ శాస్త్రవేత్తలున్నారు. పాత డ్రిల్లింగ్ కాగితాలు బయటపెట్టకుండా ఆర్పడం గురించి ఏం తేలుస్తాం?

గోదారిగట్టు:
ఎప్పుడు అంటుకుంటే ఏంటండీ, ఇప్పుడు ఏం చేయాలన్నది ప్రశ్న. రాతిపొర గారూ, మూయడం కుదరకపోతే చుట్టూ బావులు వేసి ఆ గ్యాస్ లాగేయొచ్చుగా?

రాతిపొర:
నేను ఒప్పుకునే దారి అదొక్కటే. చుట్టుపక్కల బావుల నుంచి గ్యాస్ తోడితే గొయ్యికి చేరేది తగ్గుతుంది, మంట దానంతటదే చిన్నదవుతుంది. అక్కడివాళ్లు చేస్తున్నదీ ఇదే. మంట మూడో వంతుకు తగ్గిందని 2025 జూన్‌లో అధికారులు ప్రకటించారు. సంచారి గారి బాధ నాకు తెలుసు. ఆ గుడారాలవాళ్లకు వేరే బతుకుతెరువు చూపించాల్సింది కూడా ఆ ప్రభుత్వమే.

నా పట్టు ఒక్కటే. మంట తగ్గిందని ఫొటోలు చూపిస్తే చాలదు. గొయ్యి చుట్టూ నేలలోంచి మండకుండా ఎంత మీథేన్ లేస్తోందో కొలిచి చెప్పాలి. ఆ దేశంలోనే కాస్పియన్ తీరాన గ్యాస్ క్షేత్రాల నుంచి మండని మీథేన్ పెద్ద ఎత్తున లీకవుతోందని ఉపగ్రహాలు పట్టుకున్నాయి. దానికి మంటా లేదు, చూడ్డానికి వచ్చే జనమూ లేరు. ఆదేశాలు ముందు ఆ లీకుల మీద రావాలి.