కార్మెన్ పరాజయమే బిజే ప్రాణం తీసిందా?

నీలితెర:
ఒపెరా గురించి ఎక్కడ మాట వచ్చినా ఎవరో ఒకరు ఈ కథ చెబుతూనే ఉంటారు: "కార్మెన్ ఫెయిలైంది, ఆ దిగులుతో మూడు నెలలకే జార్జ్ బిజే చనిపోయాడు" అని. నా ఉద్దేశంలో ఈ కథను ఇక వదిలెయ్యాలి. ఎందుకో చెబుతాను, మీరూ చెప్పండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒపెరా అంటే పాటలతో నడిచే నాటకం. బిజే ఫ్రెంచ్ స్వరకర్త, కార్మెన్ ఆయన చివరి ఒపెరా. బిజే 1838లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి విగ్గులు తయారుచేసే పని మానేసి పాటల మాస్టారైన మనిషి. పిల్లవాడు పదేళ్లు నిండకముందే పారిస్ కన్సర్వేటరీలో చేరాడు. 1857లో ప్రి ద రోమ్ అనే బహుమతి గెలిచి ప్రభుత్వ ఖర్చుతో రోమ్ వెళ్లాడు. తిరిగొచ్చాక 1863లో ముత్యాల జాలర్ల కథతో, సిలోన్ నేపథ్యంలో ఒక ఒపెరా రాశాడు. అది 18 సార్లు ఆడింది. 1867లో వచ్చిన 'పెర్త్ సుందరి' కూడా 18 దగ్గరే ఆగిపోయింది. 1872 నాటి 'జమీలె'కు డజను ప్రదర్శనలైనా పూర్తికాలేదు.

ఇప్పుడు కార్మెన్ సంగతి చూడండి. 1875 మార్చి 3న ఒపెరా-కొమీక్ థియేటర్‌లో మొదలైంది. జూన్ 3 తెల్లవారుజామున ఆయన పోయేనాటికే ముప్పై ప్రదర్శనలు దాటాయి. మొదటి విడత మొత్తం 48. అంతకుముందు ఆయన ఏ ఒపెరాకీ దక్కనిది ఇది. దీన్ని పట్టుకుని గుండె పగిలి చచ్చిపోయాడని ఎలా అంటాం?

హార్మోనియం:
నీలితెర గారూ, ప్రదర్శనల లెక్క ఒక్కటే చూస్తే సరిపోదండీ. చాలా రాత్రులు టికెట్లు ఊరికే పంచినా హాలు సగం ఖాళీగానే ఉండేది. ఆడినన్ని రోజులూ జనం మెచ్చి చూశారనుకోకండి.

ఆ థియేటర్ ఎలాంటిదో కూడా గుర్తు పెట్టుకోవాలి. ఒపెరా-కొమీక్ అంటే మధ్యతరగతి కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే చోటు. అక్కడి బాక్సుల్లో పెళ్లిచూపులు జరిగేవి. ప్రతి రాత్రీ ఐదారు బాక్సులు వాటికే బుక్ అయ్యేవని థియేటర్ నడిపే డైరెక్టర్లలో ఒకరైన ద లెవెన్ అన్నట్టు లిబ్రెటో, అంటే ఒపెరా మాటలు, రాసినవాళ్లలో ఒకడైన లుడోవిక్ అలెవీ తర్వాత గుర్తుచేసుకున్నాడు. అలాంటి చోట స్టేజీ మీద సిగరెట్ ఫ్యాక్టరీ ఆడవాళ్లు పొగ తాగుతూ, జుట్టు పట్టుకుని కొట్టుకుంటే ఎలా ఉంటుంది? చివర్లో అందరి కళ్లెదుట హీరోయిన్‌ను కత్తితో పొడిచి చంపితే? ఆ చావు వద్దని ద లెవెన్ బతిమాలాడు. మాట నెగ్గకపోయేసరికి 1874లో పదవే వదులుకున్నాడు.

మొదటి రాత్రి మొదటి అంకానికి చప్పట్లు బాగానే పడ్డాయి. రెండో అంకంలో టొరెయాదోర్ (ఎద్దులతో పోరాడేవాడు) పాటకూ పడ్డాయి. అక్కణ్ణుంచి హాలు చల్లబడుతూ వచ్చింది. మూడో అంకంలో మికాయెలా అనే పల్లెటూరి అమ్మాయి పాట ఒక్కటే జనానికి ఎక్కింది. నాలుగో అంకం, అంటే ఈ రోజు మనం ఊపిరి బిగబట్టి వినే ఆ ఆఖరి యుగళం, దాదాపు నిశ్శబ్దంలో ముగిసింది. మర్నాటి నుంచి పత్రికల్లో నీతి లేదనీ, ట్యూన్ లేదనీ, జర్మన్ స్వరకర్త వాగ్నర్ పిచ్చి పట్టిందనీ రాతలు. ఆ నెలలోనే గొంతులో చీము పట్టి మంచాన పడ్డాడు. ఇన్ని సంగతులు వరసగా కనబడుతుంటే వేటికీ సంబంధం లేదంటారా?

డాక్టర్_తెనాలి:
వైద్యం వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. బిజేకు గొంతు నొప్పులు కార్మెన్‌తో మొదలవలేదు. కుర్రతనం నుంచే ఉన్నాయి. రోమ్‌లో ఉన్నప్పుడూ వచ్చాయి, 1868లో బాగా తీవ్రంగా వచ్చాయి. దానికి తోడు కీళ్ల నొప్పులు. ఆఖర్న జరిగింది ఇది: మే 28న పారిస్ పక్కనే సీన్ నది ఒడ్డున ఉన్న బుజివాల్‌లోని ఇంటికి కుటుంబంతో వెళ్లాడు. కాస్త కోలుకున్నట్టు అనిపించి నదిలో ఈతకు దిగాడు. ఒకటి రెండు రోజుల్లో జ్వరం, భరించలేని కీళ్ల నొప్పులు వచ్చాయి. ఆ వెంటనే గుండెపోటు లాంటిది. తేరుకున్నాడనుకునే లోపు మళ్లీ వచ్చి ప్రాణం పోయింది. అప్పటికి 36 ఏళ్లు. కీళ్లవాతం గుండెకు ఎక్కిందని వైద్యుడు చెప్పాడు.

ఈ వరస చూస్తే మన దగ్గర పనిచేసే ఏ ఫిజీషియన్‌కైనా మొదట తట్టేది రుమాటిక్ ఫీవరే. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ వస్తుంది, సరిగా తగ్గదు. కొన్ని వారాల తర్వాత శరీరం దానితో చేసే పోరు కీళ్ల మీదికీ, గుండె కవాటాల మీదికీ మళ్లుతుంది. ప్రతి దాడికీ కవాటాలు ఇంకాస్త దెబ్బతింటాయి. ఈ జబ్బు కీళ్లను నాకుతుంది, గుండెను కొరుకుతుంది అన్న మాట మెడికల్ కాలేజీల్లో అందరం వింటాం. అది అన్న లసేగ్ కూడా పారిస్ డాక్టరే, బిజే కాలం వాడే. ఇప్పుడైతే ఇలాంటి పిల్లలకు 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజక్షన్ ఇస్తూ దాడి మళ్లీ రాకుండా చూసుకుంటాం. 1875లో అది లేదు. శవపరీక్ష వివరాలు చేతిలో లేకుండా నేను రోగనిర్ధారణ చేయను గానీ, దిగులు లేకపోయినా ఈ జబ్బు మనిషిని తీసుకుపోగలదు. ఈతకు వెళ్లడం వల్ల కూడా ఇది రాదు.

హార్మోనియం:
డాక్టరు గారూ, దిగులు ఒక్కటే చంపిందని నేనూ అనను. కానీ టెన్షన్‌లో, నిద్రలేమితో ఉన్న మనిషికి జబ్బు తిరగబెట్టడం సులువు కదా? రిహార్సల్స్ నెలల తరబడి నడిచాయి. ఈ పార్టులు వాయించడం కుదరదని ఆర్కెస్ట్రా వాళ్లు, కదులుతూ పాడలేమని కోరస్ వాళ్లు రోజూ గొడవ. కథను కాస్త మెత్తబరచమని, ద లెవెన్ వెళ్లాక ఒక్కడే మిగిలిన డైరెక్టర్ దు లోక్ల్ ఒత్తిడి. ఇదంతా ఒంటి మీద పడకుండా ఉంటుందా?

పాతరికార్డు:
హార్మోనియం గారూ, ఆ రిహార్సల్స్ సంగతి మీ వాదనకు ఎదురు తిరుగుతుందేమో చూడండి. ఒపెరాను మార్చమని ఒత్తిడి వచ్చినప్పుడు కార్మెన్ పాత్రధారి సెలెస్తీన్ గల్లీ-మరియే, ఆమెను ప్రేమించి చివరికి చంపే సైనికుడు దోన్ హోసే పాత్రధారి లేరీ, ఇద్దరూ అడ్డం తిరిగారు. మారిస్తే మేం మానేస్తాం అన్నారు. దు లోక్లే తగ్గాల్సి వచ్చింది. తన పని ఏమిటో తెలిసిన మనిషి, ఆ పనిని నమ్మిన ఇద్దరు గాయకులు కనిపిస్తారు నాకక్కడ. కార్మెన్ ప్రవేశంలో పాడే పాట గల్లీ-మరియేకు నచ్చకపోతే మళ్లీ మళ్లీ తిరగరాసి, చివరికి స్పానిష్ జానపదం అనుకుని ఒక ట్యూన్ తీసుకున్నాడు. అది ఇరాదియేర్ అనే ఆయన స్వరపరచిన పాటని తెలిశాక ఆ మాట స్వరప్రతిలో అచ్చు వేయించాడు. పారిపోయే మనిషి తీరు కాదిది.

నా బాధ వేరే. మనం ఎప్పుడూ 1875 మార్చి చుట్టూనే తిరుగుతాం. అంతకుముందు ఇరవై ఏళ్ల సంగతి ఎవరూ అడగరు. పదిహేడేళ్ల వయసులో, 1855లో, సి మేజర్ స్వరశ్రేణిలో ఒక సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా వాయించే పెద్ద రచన, రాశాడు. బతికుండగా దాన్ని ఒక్కసారి వాయించింది లేదు. కన్సర్వేటరీ కాగితాల్లో పడి ఉండి, 1935లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో కండక్టర్ వైన్‌గార్ట్‌నర్ వాయించేదాకా లోకానికి తెలియదు. ఎనభై ఏళ్లు! ఒబో అనే ఊదే వాద్యం పాడే రెండో భాగం ఒకసారి వినండి. పదిహేడేళ్ల పిల్లవాడు ఆ విరహం ఎక్కణ్ణుంచి తెచ్చాడో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

రోమ్ నుంచి వచ్చాక ఏం చేశాడు? ఇతరుల ఒపెరాలను పియానోకు కుదించడం, పబ్లిషర్లకు ప్రూఫులు దిద్దడం, ట్యూషన్లు. రోజుకు పదిహేను, పదహారు గంటలు పనిచేస్తున్నానని తనే ఉత్తరంలో రాసుకున్నాడు, బతకాలి కదా అని. పెద్ద థియేటర్ కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వదు. ముత్యాల జాలర్ల కథ కూడా ఎందుకు స్టేజీ ఎక్కిందనుకున్నారు? ప్రి ద రోమ్ గెలిచినవాళ్ల ఒపెరా వేయాలన్న షరతుతో తెయాత్ర్ లిరిక్ అనే థియేటర్‌కు ఏటా లక్ష ఫ్రాంకుల గ్రాంటు వచ్చింది కాబట్టి. అప్పుడు దాన్ని నిజంగా మెచ్చుకుని రాసినవాడు స్వరకర్త, విమర్శకుడు బెర్లియోజ్ ఒక్కడే అనాలి. పారిస్ బిజేకు చేసిన అన్యాయం ఇక్కడుంది. మార్చి 3 రాత్రి చల్లటి చప్పట్లు దీని ముందు ఎంత?

వెన్నెల_కాకినాడ:
ఇంతమంది పెద్దవాళ్ల మధ్య నాకు తెలిసింది చిన్నదే. గల్లీ-మరియే కథ ఎవరూ చెప్పలేదేమిటి? మూడో అంకంలో కార్మెన్ పేకముక్కలు తీసి జోస్యం చూసుకుంటుంది, ఎన్నిసార్లు తిప్పినా చావు ముక్కే వస్తుంది. బిజే పోయిన రాత్రి ఆ సీన్ పాడుతుండగా ఆమెకు ఏదో కీడు తోచి, పాట అయ్యాక లోపలికెళ్లి కళ్లు తిరిగి పడిపోయిందట. సరిగ్గా ఆ వేళకే అక్కడ ఆయన ప్రాణం పోతోందని చెబుతారు.

నీలితెర:
వెన్నెల గారూ, ఆ కథ నేనూ చదివాను. ఆమె నిజంగానే కలత పడి ఉండొచ్చు. ఆయన జబ్బు సంగతి థియేటర్‌లో తెలిసే ఉంటుంది. కానీ ఇలాంటి కథలే చావును ఒపెరాలో ఐదో అంకంగా మార్చేశాయి. కార్మెన్‌ను జోస్యం చంపినట్టు బిజేను కార్మెన్ చంపింది అని చెప్పుకోవడానికి బాగుంటుంది. ఒక మనిషి బతుకు మీద అంత తేలికైన ముడి వేయడం నాకు ఇష్టం లేదు.

పాతరికార్డు గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. చనిపోవడానికి ముందు రోజే వియన్నా కోర్ట్ ఒపెరాలో కార్మెన్ వేయడానికి బిజే కాంట్రాక్టు మీద సంతకం చేశాడు. మంచాన ఉండి కూడా ముందుకే చూస్తున్నాడు.

హార్మోనియం:
సంతకం పెట్టినంత మాత్రాన మనసు కుదుటపడిందని అర్థం కాదు. అయినా ఆయన పోయాక పారిస్ ఏం చేసిందో చూడండి. అంత్యక్రియలకు నాలుగు వేల మందికి పైగా వచ్చారు, స్వరకర్త గునో మాట్లాడుతూ మధ్యలో ఏడ్చి ఆపేశాడు. ఇంత గౌరవించిన ఊరే 1876 ఫిబ్రవరి తర్వాత 1883 ఏప్రిల్ దాకా కార్మెన్‌ను స్టేజీ ఎక్కించలేదు. ఏడేళ్లు! ఈలోపు వియన్నా, బ్రసెల్స్, లండన్, న్యూయార్క్ అన్నీ వేశాయి. పదేళ్లలో ప్రపంచంలో అన్నిటికన్నా జనాదరణ ఉన్న ఒపెరా ఇదే అవుతుందని రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 1880లోనే రాశాడు. రష్యాలో ఉన్నవాడికి కనిపించింది పారిస్‌కు కనిపించలేదు. 48 ప్రదర్శనలు చూపించి ఇది పరాజయం కాదంటే నేను ఒప్పుకోలేను. పరాజయమే. కాకపోతే అది ఒపెరాది కాదు, ఆ ఊరిది.

పాతరికార్డు:
ఆ చివరి మాట దగ్గర మనం కలిశాం.

వెన్నెల_కాకినాడ:
ఒక సందేహం. నేను విన్న రికార్డింగ్‌లో అంతా పాటే, మాటలు లేవు. యూట్యూబ్‌లో చూసిన ప్రదర్శనలో మధ్యమధ్య మామూలుగా మాట్లాడుకుంటున్నారు. బిజే రాసింది ఏది?

పాతరికార్డు:
మాటలున్నదే బిజేది. ఒపెరా-కొమీక్ పద్ధతే అది, పాటల మధ్య సంభాషణ ఉంటుంది. 1875 అక్టోబర్ 23న వియన్నాలో వేసినప్పుడు ఆ సంభాషణల స్థానంలో ఆయన మిత్రుడు ఎర్నెస్ట్ గిరో పాడే వచనం సమకూర్చాడు. నేను గిరోను తక్కువ చేయను. స్నేహితుడు పోయి ఆర్నెల్లు కాకుండానే చేసిన పని అది, దానివల్లే ఎన్నో దేశాల థియేటర్లు ఈ ఒపెరాను అందుకోగలిగాయి. కానీ దోన్ హోసే మీ ఊహలో అమాయకుడైన సైనికుడైతే, అది గిరో వల్లే. సంభాషణల్లో అతను తన గతం చెబుతాడు. బంతాట దగ్గర గొడవపడి సొంత ప్రాంతం నవార్ వదిలి రావాల్సి వచ్చిందని. ఈ ఒపెరాకు మూలమైన మెరిమే కథలోని కోపిష్టి అక్కడ కనిపిస్తాడు. చివరి అంకంలో కత్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది. మొదటిసారి కాబట్టి సంభాషణలున్న రికార్డింగే వినండి. మూడో అంకం పేకముక్కల సీన్‌లో గల్లీ-మరియే సంగతి పక్కన పెట్టి, కింద ట్రాంబోన్లు అనే ఇత్తడి వాద్యాలు ఎంత నెమ్మదిగా నడుస్తున్నాయో గమనించండి.