భోగాపురం ఎయిర్‌పోర్టు ఉద్యోగమని ఆఫర్ లెటర్ వచ్చింది, నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. మా చెల్లికి భోగాపురం ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగమని వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపారు. జీతం 28,500. ఇంటర్వ్యూ ఫోన్లోనే, పది నిమిషాలు, హిందీలో. లెటర్ ప్రైవేటు కంపెనీ పేరు మీద ఉంది. పైన నాలుగు సింహాల ముద్ర, కింద స్టాంపు, సీఐఎన్ (కంపెనీ గుర్తింపు) నంబరు. యూనిఫాంకీ గేట్ పాస్‌కీ 2,350 కట్టాలట, మొదటి జీతంతో తిరిగిస్తారట. రేపు సాయంత్రం దాటితే పోస్టు వేరేవాళ్ళకి పోతుందట. ఆధార్, పాన్ పంపేసింది. డబ్బు ఇంకా కట్టలేదు. కట్టమంటారా?

వంశధార (గుణుపురం):
కట్టొద్దండి. ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్ళే పాస్ ఇచ్చేది బీసీఏఎస్ అనే కేంద్ర సంస్థ. దానికి దరఖాస్తు పెట్టాల్సింది ఉద్యోగంలో పెట్టుకున్న సంస్థ, అదీ మనిషి పూర్వాపరాలు విచారించాక. చేరకముందే వాట్సాప్‌లో గేట్ పాస్ డబ్బు అడగడం ఉండదు. ఇక ఆ సింహాల ముద్ర. ప్రైవేటు కంపెనీ దాన్ని లెటర్ మీద వాడకూడదని 2005లోనే చట్టం వచ్చింది. మనం దేన్ని చూసి నమ్ముతామో అదే ఇక్కడ మోసానికి గుర్తు.

2,350 చిన్న మొత్తం కదా, పోతే పోనీ అనుకోకండి. అది కట్టగానే పోలీస్ వెరిఫికేషన్‌కి అంటారు, తర్వాత మెడికల్, ఆపైన ట్రైనింగ్. ఆపేస్తే ముందు కట్టింది పోతుందన్న భయంతోనే పిల్లలు మళ్ళీ మళ్ళీ కడతారు. 'తిరిగిస్తాం' అనేది అందుకే.

నాగావళి (రాయగడ):
సీఐఎన్‌ని మీరే చదవొచ్చు. మొత్తం 21 అక్షరాలు, అంకెలు. మొదటి అక్షరం, అయిదంకెలు వదిలేయండి. తర్వాతి రెండక్షరాలు రాష్ట్రం, ఆ పక్క నాలుగంకెలు కంపెనీ రిజిస్టరైన సంవత్సరం. ఆ నంబరును కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో 'మాస్టర్ డేటా' దగ్గర వేస్తే కంపెనీ పేరు, చిరునామా వస్తాయి.

అక్కడ సరిపోయినా ఆగిపోవద్దు. నిజమైన కంపెనీ నంబరు ఎత్తి లెటర్‌లో వేసుకోవడం వీళ్ళకి మామూలే. లెటర్‌లో ఉన్న ఫోన్‌కి కాకుండా, కంపెనీ సొంత వెబ్‌సైట్ మీరే వెతికి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగండి. మెయిల్ వస్తే పంపినవాళ్ళ పేరు కాదు, 'ఎట్' గుర్తు తర్వాత ఉన్నది చూడాలి. కంపెనీ పేరు పక్కన గీత పెట్టి 'కెరీర్స్' తగిలిస్తే అది వేరే సైటే.

ఇంకొకటి: డబ్బు ఏ యూపీఐకి వేయమన్నారో, పిన్ కొట్టకముందు తెర మీద కనబడే పేరు చూడండి. కంపెనీ డబ్బు ఎవరో ఒక మనిషి పేరు మీదికి ఎందుకు వెళ్తుంది?

మహేంద్రతనయ:
చూశానండి. లెటర్‌లో '1999 నుంచి సేవలో' అని ఉంది, సీఐఎన్‌లో సంవత్సరం 2023. యూపీఐలో ఒక ఆడమనిషి పేరు వస్తోంది. కట్టడం లేదు. కానీ ఆధార్ వాళ్ళ చేతిలో ఉంది, చెల్లి భయపడుతోంది.

వంశధార:
భయపడొద్దని చెప్పండి, చేయాల్సినవి ఉన్నాయి. ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (వేలిముద్ర, కనుపాపలతో ఎవరూ ఆధార్ వాడకుండా) చేయించండి. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ సైట్‌లో ఆమె పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసి, తనవి కానివి 'నాది కాదు' అని పెట్టండి. రెండు నెలలు పోయాక సిబిల్ రిపోర్టు (మన పేరు మీదున్న లోన్ల చిట్టా) తీసి, తెలియని లోన్ ఉందేమో చూడండి. ఏడాదికి ఒకటి ఉచితం. వాళ్ళ చాట్, లెటర్ తుడిచేయొద్దు, నంబరు మాత్రం బ్లాక్ చేయండి. 'జీతం ఖాతా' అని పాస్‌బుక్, ఏటీఎం కార్డు, ఓటీపీ అడిగితే అస్సలు ఇవ్వకూడదు. దొంగసొమ్ము ఆ ఖాతా గుండా తిప్పుతారు, ఖాతా ఆగిపోయేదీ కేసు వచ్చేదీ ఆ పిల్లకే.

ఋషికుల్య (బరంపురం):
ఇప్పటికే కట్టేసినవాళ్ళు చదువుతుంటే: వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సొమ్ము ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి దూకేలోపు ఆపాలి, అందుకే ప్రతి నిమిషమూ లెక్కే. బ్యాంకు పేరు, తేదీ, సమయం, మొత్తం, 12 అంకెల యూటీఆర్ (ఆ చెల్లింపు గుర్తింపు) నంబరు చేతిలో పెట్టుకోండి. యూటీఆర్ యూపీఐ యాప్ హిస్టరీలో ఆ చెల్లింపు తెరిస్తే కనబడుతుంది. తర్వాత జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తిచేసి, రసీదు నంబరు రాసుకోండి. 'మోసగాడు ఆంధ్రా వాడు, మీరు ఒడిశా వాళ్ళు' అని స్టేషన్‌లో వెనక్కి పంపితే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకోవాలి. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇచ్చినా, ఆంధ్రాలోని పాతపట్నంలో ఇచ్చినా చెల్లుతుంది.